గాలిమర రెక్కల అలసట పరీక్ష: అందలి నియంత్రణ విధానము

(కుకునూరుపల్లి యందు జరిగిన మన విశ్వబ్రాహ్మణ సంఘ వార్షిక మహాసభలో చేసిన ఉపన్యాసము)

   

 కుల సభలలో విద్యను గూర్చి, ఐకమత్యమును గూర్చి, వివాహ వ్యయముల తగ్గింపును గూర్చి పెద్దలు ప్రసంగించుట పరిపాటి. అవి ముఖ్య విషయములే. అయినను ఈ పర్యాయము చేతిపనికి సంబంధించిన యొక విషయమును చెప్పుమని కార్యదర్శిగారు మమ్ము కోరిరి. కావున మేమెరిగిన పని నుండియే నాలుగు మాటలు విన్నవించుకొందుము. గాలిమరల రెక్కలను అలసట పరీక్షకు పెట్టుట, ఆ పరీక్షను అదుపు తప్పకుండ నడుపు నియంత్రణ యంత్రములు - ఇవియే మా ఉపన్యాస విషయము.

నియంత్రణ యను మాట చెవిని బడగానే మన స్వర్ణకార సోదరులకు 1963 నాటి బంగారు నియంత్రణ ఉత్తరువులు జ్ఞప్తికి వచ్చుట సహజము. పదునాలుగు కారెట్లకు మించిన నగలు క్రొత్తగా చేయరాదని శాసించి, అవి దేశమందెన్నో కుంపట్లను చల్లార్చినవి. మేము చెప్పబోవు నియంత్రణము అట్టిది కాదు. ఇది పనివాని చేతులను కట్టివేయునది కాదు. పని చేయు చేయి వణకకుండ నిలుపునది. ఈ భేదమును మనస్సున నుంచుకొని మా మాటలను ఆలకింప ప్రార్థన.

మనము సమావేశమైన ఈ కుకునూరుపల్లి 2022 వరకు కొండపాక మండలములోని గ్రామము. ఆ సంవత్సరముననే తానొక మండల కేంద్రమైనది. హైదరాబాదు నుండి రామగుండమునకు పోవు రాజీవ్ రహదారి ఈ యూరి మీదుగనే పోవుచున్నది. మల్లన్న కొలువైన కొమురవెల్లి ఇచ్చటికి దూరము కాదు. ఆ జాతరకు ఎడ్లబండ్లు కట్టుకొని పోయిన వృద్ధులు ఈ సభలో నిప్పటికిని కొందరుందురు. ఆ బండ్లకు చక్రములు చేసినవారు మన వడ్లవారు. ఇనుప పట్టాలను కాల్చి యెక్కించినవారు మన కమ్మరులు. చక్రమును రైతునకు అప్పగించుటకు ముందు మన పెద్దలు ఒక్కొక్క ఆకును సుత్తితో మెల్లగా తట్టి చెవియొగ్గి వినుట మేము చిన్ననాట చూచితిమి. గట్టి ఆకు ఖంగున పలుకును. లోపల నెర్రె యున్న ఆకు బొద్దుగా పలుకును. బొద్దుగా పలికినదానిని ఊడదీసి వేరొక దానిని బిగించువరకు ఆ చక్రము మన ఇల్లు దాటెడిది కాదు. బండి నడిదారిలో విరిగినచో నష్టము రైతుది, మాట మాత్రము మనది.

నేడు అట్టి పరీక్షయే అరువది డెబ్బది మీటర్ల పొడవుగల రెక్కకు చేయవలసి వచ్చినది. మన తెలుగు సీమలో అనంతపురపు మెట్టలయందలి రామగిరి కొండల మీద 1990 తరువాతి యేండ్లలో గాలిమరలు వరుసలుగా లేచినవి. నేడు ఆంధ్రప్రదేశములోని గాలిమరల సామర్థ్యము నాలుగు వేల మెగావాట్లకు పైబడి యున్నది. గాలి తక్కువైన మన తెలంగాణములో అది సుమారు 128 మెగావాట్లు మాత్రమే. దేశమంతటను గూడినచో 2025 లో ఏబది వేల మెగావాట్లు దాటినది. ఇన్ని యంత్రములకును మూడేసి రెక్కలు గలవు. ఒక్క రెక్క తెగినను ఆ యంత్రము నిలిచిపోవును. క్రింద మనుష్యులున్నచో ప్రాణహానియు కలుగవచ్చును.

ఈ రెక్క దేనితో చేయబడునో మన వడ్రంగి సోదరులు తెలిసికొనదగును. గాజు నారను బట్టవలె నేసి, పొరలు పొరలుగా అచ్చులో పరచి, జిగురు రసమును పోసి గట్టిపరతురు. కొన్నింట నడిమి దూలమునకు కార్బన్ నారను వాడుదురు. పొరల మధ్య తేలికగా నుండుటకై బల్సా యను కొయ్యను గాని, నురుగు వంటి ప్లాస్టిక్కును గాని పొదుగుదురు. ఈ బల్సా దక్షిణ అమెరికాలోని ఈక్వడార్ దేశము నుండి విశేషముగా వచ్చును. కావున ఈ మహాయంత్రపు గర్భములో నేటికిని కొయ్య కలదు. రెండు డిప్పలుగా చేసి, వానిని అంచుల వెంబడి జిగురుతో అతికించిన తరువాత రెక్క తయారగును. అతుకు చెడినను, నార ముడుత పడినను, మొదట బోల్టులు బిగించు చోట సందు ఏర్పడినను, పైకి నున్నగా కనబడు రెక్క లోలోపల రోగగ్రస్తమై యుండును.

ఇక అలసట యననేమి? ఇనుప తీగను ఒక్కసారి వంచినచో తెగదు. ఇటునటు పదేపదే వంచినచో ఫట్టున తెగును. ఒక్క దెబ్బకు చెక్కుచెదరని వస్తువు వేయి చిన్న దెబ్బలకు లొంగిపోవుటయే అలసట. జర్మనీ దేశపు గనులలో పనిచేసిన విల్హెల్మ్ ఆల్బర్ట్ అనునతడు గొలుసులను మాటిమాటికి లాగి పరీక్షించి, తాను కనుగొన్న విషయమును 1837 లో ప్రకటించెను. పిమ్మట ఆగస్ట్ వోలర్ అను రైల్వే ఇంజనీరు బండ్ల ఇరుసులను యంత్రములలో త్రిప్పి త్రిప్పి పరీక్షించి, భారము తగ్గిన కొలది వస్తువు ఓర్చుకొను త్రిప్పుల సంఖ్య ఎట్లు పెరుగునో 1870 నాటికి నిరూపించెను. గొలుసు కమ్మరిది, ఇరుసు వడ్రంగిదియు కమ్మరిదియు. అలసట శాస్త్రము మన వృత్తుల వస్తువులతోడనే పుట్టినదని చెప్పుట అతిశయోక్తి కాదు.

గాలిమరల చరిత్రలో దీనికొక ప్రసిద్ధమైన గుణపాఠము కలదు. అమెరికాలోని వెర్మాంట్ రాష్ట్రమున ఒక కొండ మీద 1941 లో పామర్ పుట్నమ్ సంకల్పము చొప్పున 1,250 కిలోవాట్ల గాలిమర నిలుపబడినది. అంత పెద్దది అంతకుముందు ప్రపంచమున లేదు. దానికి ఉక్కు రెక్కలు రెండు. రెక్క మొదట బలము చాలదని నిపుణులకు తెలిసినను, యుద్ధకాలమగుటచే క్రొత్త సామగ్రి దొరకక సరిదిద్దలేకపోయిరి. 1945 మార్చి 26 వ తేదీన సుమారు ఎనిమిది టన్నుల బరువుగల ఒక రెక్క ఆ బలహీనమైన చోటనే తెగి కొండచరియపై దూరముగా పడెను. ఆ యంత్రము మరల తిరుగలేదు. లోపము తెలియకపోవుట ఒక కష్టము; తెలిసియు పరీక్షించి దిద్దుటకు వీలు లేకపోవుట అంతకుమించిన కష్టము.

ఆ కారణముచేత నేడు క్రొత్త నమూనా రెక్కను తయారుచేసినప్పుడు ఒకదానిని పరీక్షకు బలి యిచ్చుట ఆచారమైనది. దీనికొక అంతర్జాతీయ ప్రమాణము 2014 లో స్థిరపడినది. ముందు రెక్కను నిశ్చలముగా వంచి చూతురు. తరువాత అలసట పరీక్ష. దాని పిమ్మట మరల నిశ్చల పరీక్ష. అమెరికాలోని బోస్టన్ నగరమున 2011 లో తెరిచిన పరీక్షాశాలలో తొంబది మీటర్ల రెక్కలు పట్టును. ఇంగ్లండులోని బ్లైత్ అను రేవుపట్టణమున నూటయేడు మీటర్ల రెక్కను గూడ పరీక్షించిరి. మన దేశములో పవన విద్యుత్తునకు చెందిన జాతీయ సంస్థ 1998 లో చెన్నపట్టణమున స్థాపింపబడినది. గాలిమరలను పరీక్షించు దాని క్షేత్రము తమిళనాటి కయత్తారులో నున్నది.

ఇచ్చట కొంచెము లెక్క చెప్పవలసి యున్నది. వర్తకులును స్వర్ణకారులును ఉన్న సభలో లెక్కకు భయపడువారుండరని మా నమ్మకము. నిమిషమునకు పండ్రెండు చుట్లు తిరుగు గాలిమర ఎడతెగక తిరిగినచో దినమునకు 17,280 చుట్లు, సంవత్సరమునకు 63,07,200 చుట్లు, ఇరువది సంవత్సరములకు సుమారు 12 కోట్ల 61 లక్షల చుట్లు తిరుగును. ప్రతి చుట్టునందును రెక్క తన బరువుచేతనే ఒకసారి ఒక అంచువైపునకు, ఒకసారి రెండవ అంచువైపునకు వంగును. గాలి పోటుచేత ముందువెనుకలకు ఊగుట దీనికి అదనము. ఇరువది యేండ్లు కాచుకొని కూర్చుండి ఎవరు పరీక్షింపగలరు? కావున భారమును కొంత పెంచి ఊపుల సంఖ్యను తగ్గింతురు.

గాజు నారతో చేసిన వస్తువునకు ఒక గుణము కలదు. ఒక్కొక్క ఊపువలన కలుగు హాని భారముతో సమానముగా పెరుగదు. ఇంచుమించు భారము యొక్క పదవ ఘాతమున పెరుగును. భారమును ఒకటిన్నర రెట్లు చేసినచో హాని ఒకటిన్నర రెట్లు కాదు, సుమారు ఏబదియెనిమిది రెట్లగును. అందుచే పై 12 కోట్ల 61 లక్షల చుట్ల హాని సుమారు 22 లక్షల ఊపులలో ఇముడును. రెండు సెకండులకొక ఊపు చొప్పున 51 దినములలో ఇరువది యేండ్ల ఆయుర్దాయమును రెక్కచేత అనుభవింపజేయవచ్చును. నిజమైన పరీక్షలో గాలి మార్పులన్నియు లెక్కకు వచ్చును గనుక సంఖ్యలు వేరుగా నుండవచ్చును, పద్ధతి మాత్రమిదియే.

ఈ పదవ ఘాతము రెండంచుల కత్తి. కాలమును ఆదా చేయునది అదియే, తప్పును పెంచునదియు అదియే. ఊపు నూటికి ఐదు వంతులు హెచ్చినచో హాని నూటికి అరువదిమూడు వంతులు హెచ్చును. ఐదు వంతులు తగ్గినచో నలుబది వంతులు తగ్గును. మొదటి తప్పువలన మంచి రెక్క చెడ్డదని తీర్పు పొందును. రెండవ తప్పువలన చెడ్డ రెక్క మంచిదని లోకము మీదికి పోవును. కనుక ఇరువది రెండు లక్షల ఊపులు ఊపుట గొప్ప కాదు; ప్రతి ఊపును ఒక్క తీరున ఊపుటయే గొప్ప. ఆ ఒక్క తీరుతనమును కాపాడునదే నియంత్రణ యంత్రము.

రెక్కను ఊపుట ఎట్లు? రెక్క మొదలును కాంక్రీటు దిమ్మెకు గాని ఉక్కు దిమ్మెకు గాని అడ్డముగా బిగింతురు. కొన ఆకాశములో వ్రేలాడుచుండును. చమురు ఒత్తిడితో నడచు పెద్ద పిచికారీ వంటి చాలకముతో కొనను బలవంతముగా పైకి క్రిందికి లాగుట పాత పద్ధతి. కొన మీటర్ల కొలది కదలవలసిన పెద్ద రెక్కకు ఈ విధమున విశేషముగా చమురును విద్యుత్తును ఖర్చగును. అందుచే నేడు పెద్ద రెక్కలకు అనునాద పద్ధతిని అవలంబింతురు. ఉగాదినాడు చెట్టుకు ఊయల కట్టి బాలుని ఊపునప్పుడు తల్లి బలమంతయు పెట్టదు. ఊయల సహజముగా వచ్చిపోవు తాళమును కనిపెట్టి, అది పోవు దిశలో, పోవు క్షణమున, వ్రేళ్లతో త్రోయును. రెక్కకును అట్టి సహజ తాళము కలదు. రెక్కపై నొక బరువును నిలిపి, చమురు చాలకముతోనో విద్యుత్ మోటారుతోనో దానిని ఆ తాళమున కదల్చినచో, చిన్న త్రోపునకే మహా రెక్క ఊగును.

ఆ బరువును రెక్కకు బిగించునది జీను వంటి చట్రము. బయట ఉక్కు, లోపల రెక్క వంపునకు సరిగా చెక్కిన కొయ్య. రెక్క చర్మము నలుగకుండ ఆ కొయ్య కూర్చుండవలెను. ఇట్టి జీనులను కొన్నిటిని పొడవునా అక్కడక్కడ బిగించి, బరువులు వ్రేలాడదీసి, ఎచ్చట ఎంత వంపు రావలెనో అంత వచ్చునట్లు దిద్దుదురు. బాడిశయు చిత్రికయు పట్టనేర్చిన చేయికి ఇది పరాయి పని కాదు.

ఇక నియంత్రణ విషయము. రెక్క మీద అచ్చటచ్చట స్ట్రెయిన్ గేజులను, అనగా సాగుదలను కొలుచు సన్నని రేకులను, అతికింతురు. ప్రతి ఊపునందును ఎంత సాగినదో అవి విద్యుత్ సంకేతముగా తెలుపును. నియంత్రణ యంత్రము ఆ సంకేతమును కోరిన కొలతతో పోల్చి, తేడాను చూచి, బరువు కదలికను పెంచుటయో తగ్గించుటయో చేయును. ఈ తీర్పునకు మూడు సూత్రములు గలవు. మన కొలిమివద్ద తిత్తి ఊదు బాలునికి ఈ మూడును తెలియకయే తెలియును. ఇనుము ఎంత చల్లగా నున్నచో అంత గట్టిగా ఊదుట మొదటిది. కొద్దిపాటి కొరతయే చాలసేపు నిలిచియున్నచో, ఆ కొరతనంతయు కూడబెట్టి లెక్కించి మరికొంత ఊదుట రెండవది. ఎరుపు తొందరగా ఎక్కుచున్నదని కనిపెట్టి, కాగిపోకమునుపే చేయి తగ్గించుట మూడవది. ఓడ చుక్కానిని తనంత త్రిప్పు యంత్రమునకై నికొలాస్ మినోర్‌స్కీ యను శాస్త్రజ్ఞుడు ఈ మూడింటిని గణితరూపమున 1922 లో ప్రకటించెను. నేటి పరీక్షాశాలలో నడచునదియు ఆ మూడు సూత్రముల కలయికయే.

అయితే రెక్క పరీక్షలో వేరొక చిక్కు కలదు. రెక్క సహజ తాళము స్థిరముగా నుండదు. పగటి ఎండకు వేడెక్కి మెత్తబడును. రాత్రి చలికి బిగుసుకొనును. లక్షల ఊపుల తరువాత లోపల సన్నని పగుళ్లు పుట్టి, బిగువు సడలి, తాళము నెమ్మదించును. ఊపును అణచు శక్తి స్వల్పముగా నున్నప్పుడు అనునాద శిఖరము సూదిమొనవలె సన్నగా నుండును. ఉదాహరణకు, త్రోపును నూరు రెట్లు చేయగల రెక్కయందు బిగువు నూటికి ఒక్క వంతు సడలినచో తాళము నూటికి అర వంతు తగ్గును. యంత్రము పాత తాళముననే త్రోయుచుండినచో ఊపు నూటికి డెబ్బదియొక్క వంతులకు పడిపోవును. పదవ ఘాతము చొప్పున ఒక్కొక్క ఊపు హాని ముప్పదిరెండవ వంతునకు దిగజారును! పైకి రెక్క ఊగుచునే యుండును; లెక్కల యంత్రము ఊపులను లెక్కించుచునే యుండును; పరీక్ష మాత్రము దాదాపు నిలిచిపోయినట్లే.

దీనికి మందు దశను కనిపెట్టుట. సరియైన అనునాదమున త్రోపునకు ఊపు సరిగా పావు చుట్టు, అనగా తొంబది డిగ్రీలు, వెనుకబడి యుండును. రెక్క తాళము నెమ్మదించినచో ఆ వెనుకబాటు తొంబదిని మించును. బిగుసుకొన్నచో తొంబదికి తక్కువగును. ఊపు తగ్గినదని మాత్రమే చూచిన యంత్రమునకు తాళమును పెంచవలెనో తగ్గింపవలెనో తెలియదు. వెనుకబాటును చూచిన యంత్రమునకు వెంటనే తెలియును. కావున ఒక వలయము దశను చూచి తాళమును దిద్దును; రెండవది సాగుదలను చూచి ఊపును దిద్దును; వీనికి లోపల మూడవది చాలకపు చలనమును క్షణక్షణము దిద్దుచుండును. లోపలి వలయము చురుకుగా, బయటి వలయములు నిదానముగా నుండవలెను. రెండును సమాన వేగమున తొందరపడినచో ఒకదానితో నొకటి పెనగులాడి రెక్కకు లేని కంపమును తెచ్చిపెట్టును.

వీనికి తోడు కాపలా యంత్రము వేరుగా నుండి తీరవలెను. గేజు తీగ తెగినచో నియంత్రణ యంత్రము రెక్క ఊగుటలేదని భ్రమించి మరింత త్రోయును. ఆ భ్రమలో నిముషములలోనే రెక్కను చెరుపగలదు. అందుచే సాగుదలకు ఒక సాక్షి, వేగపు మార్పునకు వేరొక సాక్షి నుంతురు. ఇద్దరి మాట కలియనిచో పరీక్ష ఆగవలెను. బిగువు ఒక్కసారిగా మారినను ఆగవలెను. ఆగిన తరువాత మనుష్యుడు పోయి, దీపము పట్టి చూచి, నాణెముతోనో చిన్న సుత్తితోనో తట్టి వినవలెను. మా తాతగారు చక్రపు ఆకును విన్నట్లే ఇంజనీర్లు నేటికిని రెక్కను తట్టి విందురని చెప్పుటకు మాకెంతయో సంతోషముగా నున్నది.

ఇప్పుడు మా యనుభవములోని యొక సంగతి చెప్పవలెను. అది మాకు కీర్తి తెచ్చునది కాదు. మేము పనిచేసిన యొక పరీక్షాశాలలో ఒక రాత్రి గేజొకటి చెడిపోయినది. క్రొత్తది అతికించితిమి. క్రొత్త గేజునకు తగిన గుణకమును యంత్రములో మార్చుట మరచితిమి. ఫలితముగా రెక్క నూటికి తొంబదియేడు వంతులే ఊగుచుండగా యంత్రము నూరనియే చూపుచుండెను. తొమ్మిది లక్షల ఊపులు గడచిన పిమ్మట లెక్కలు సరిచూచుచుండగా మా కంటికే ఆ తప్పు కనబడినది. మరెవరికిని తెలియదు. రెక్కకు దెబ్బ తగులలేదు. పత్రము ఇయ్యవలసిన గడువు సమీపించినది. మూడు వంతుల తేడా యేపాటిదని మనస్సు నచ్చజెప్పినది. రెండు దినములు మేము మౌనము వహించితిమని ఈ సభలో ఒప్పుకొనుచున్నాము.

మూడవ దినమున లెక్క వేసితిమి. తొంబదియేడు వంతుల ఊపుచేత కలిగిన హాని నూటికి డెబ్బదినాలుగు వంతులు మాత్రమే. తొమ్మిది లక్షలలో సుమారు రెండు లక్షల ముప్పదియారు వేల ఊపులు వ్యర్థమైనవి. వానిని మరల ఊపుటకు కావలసిన కాలము అయిదున్నర దినములు. ఇరువది యేండ్ల పూచీ వ్రాయు పత్రమునకు అయిదున్నర దినములకు వెనుదీసి అబద్ధమాడబోయితిమి గదా యని సిగ్గుపడి, పై అధికారికి విన్నవించితిమి. కొన్ని కఠినపు మాటలు పడితిమి. ఊపులు మరల జరిగినవి. సంగతియంతయు దినచర్య పుస్తకమున వ్రాయబడినది. పరీక్షాశాలలో యంత్రములను నియంత్రించు యంత్రములున్నవి గాని, వ్రాయు చేతిని నియంత్రించు యంత్రమింకను పుట్టలేదు. ఆ పని మన పెద్దలు పిల్లల మనస్సులలో చేయవలసినది.

సోదరులారా! ఈ సంగతులను వినోదముకొరకు మాత్రమే మేము చెప్పలేదు. ట్రాక్టరు వచ్చి బండి పోయినది. కార్ఖానా నాగలి వచ్చి కొలిమి చల్లారినది. యంత్రముతో చేసిన నగలు వచ్చి అవుసలివారి కుంపటి ఆరుచున్నది. మన పిల్లలు వంశవృత్తిని చెప్పుకొనుటకు సంకోచించుచున్నారు. పోయిన బండిని మరల తెమ్మని మేము కోరము. కాని బండి పోయినను, తట్టి విను చెవి పోవలసిన పని లేదు. సమానముగా దెబ్బవేయు చేయి, సందు లేకుండ అతుకు కుదుర్చు కన్ను, గురిగింజ ఎత్తు బంగారమునకు లెక్క చెప్పు నిజాయితీ - ఇవి నేటి పరీక్షాశాలలకు కావలసిన గుణములు. వానికి విద్యను జోడించుట మాత్రమే కొరత.

అందుకై మూడు మనవులు. మొదటిది: మన సంఘ విద్యానిధి నుండి ఇచ్చు సహాయములో కొంత భాగము ఐ.టి.ఐ., పాలిటెక్నిక్ విద్యాలయములలో కొలత సాధనములు, విద్యుత్ నియంత్రణము, నారపొరల వస్తువుల తయారీ చదువువారికి ప్రత్యేకింపవలెను. బాలురతోపాటు బాలికలకును సమానముగా ఈయవలెను. గేజు అతికించుటకు కావలసినది భుజబలము కాదు, వ్రేళ్ల నిదానము. రెండవది: మన వసతి గృహములలో నొకదాని యందు చిన్న పరీక్షా బల్లను నిలుపవలెను. గోడకు బిగించిన యొక ఉక్కు పట్టీ, చిన్న మోటారు, దానికి ఒక ప్రక్కకు ఒరిగిన బరువు, ఒక గేజు, చిన్న నియంత్రణ పలక ఇంతమాత్రము చాలును. పట్టీ తాళమును కనిపెట్టి, అది సడలుచుండగా వెంబడించి, తెగువరకు ఒక్క తీరున ఊపగలిగిన విద్యార్థి ఈ శాస్త్రపు హృదయమును గ్రహించినట్లే. పెద్ద రెక్కకును చిన్న పట్టీకిని సూత్రము ఒక్కటియే. పోషకులు తలచుకొన్న ఇది భారము కాదు.

మూడవది ధనముతో కొనదగినది కాదు. మన పిల్లలెవరైనను ఎచ్చటనైనను పరీక్షకులుగా కుదురుకొన్నప్పుడు, జరుగని పరీక్షను జరిగినదని, తగ్గిన ఊపును నిండినదని వ్రాయరాదు. ఆ మాట ఇంటనే నేర్పవలెను. రెక్క తెగినప్పుడు క్రింద నుండువాడు ఎవరో మనకు తెలియదు. బండి విరిగినప్పుడు రైతు మన గుమ్మమునకు వచ్చి అడిగెడివాడు. గాలిమర క్రింద గొర్రెలు కాచుకొను కాపరికి మన గుమ్మమెచ్చటనో తెలియదు. అడుగువారు లేనిచోట సత్యము చెప్పుటయే పనివాని కులగౌరవము.

ఆ విశ్వకర్మ భగవానుడు మన పిల్లల చేతులకు నిలుకడను, చెవులకు వినికిడిని, లేఖినులకు సత్యమును ప్రసాదించుగాక యని ప్రార్థించుచు, ఇంతటితో విరమించుచున్నాము.